చివరోడికే బహుమతి

పోయిన వారం చిన్నకోడలిని బాతుల షెడ్డు గుమ్మంలో, చేతిలో నీళ్ళ బేసినుతో నిలబెట్టి వదిలేశాం. వారమంతా అలా నిలబడితే ఎవరి కాళ్ళైనా పీకుతాయి. అసలే ఈ కథలో కాళ్ళ బాధలకు కొదవ లేదు, కాబట్టి ఆమెను తొందరగా కదిలిద్దాం.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. ఊళ్ళో సగం మందికి చిన్నప్పుడు డ్రిల్లు నేర్పి విజిల్ మాస్టారుగా పేరుపడ్డ మామగారు, బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఎముక అతుక్కుంది. నడవచ్చు, నడవాలి కూడా అని ఆస్పత్రిలో చెప్పి పంపారు. ఆయన మాత్రం వరండాలో కుర్చీ వేయించుకుని, కూర్చున్నవారు కూర్చున్నట్టే ఉండిపోయారు. దాంతో ఇల్లు, మనిషి, బాతులు మూడూ అత్తగారి నెత్తిన పడ్డాయి. ఆవిడ విసిగిపోయి, షెడ్డు మూసేసి పెద్దకొడుకు మోటారు సామాన్ల గొడౌనుకు ఇచ్చేస్తానంది. చిన్నకోడలు అడ్డుపడి, ఒక్క అవకాశం ఇమ్మని అడిగింది. సరే చూద్దామని కొత్తగా పొదిగిన పిల్లలన్నిటినీ ఆమెకు అప్పగించారు. ఆ పిల్లలు కాస్తా పెరిగే వయసులో కాళ్ళు వంకర తిరిగి కూలబడ్డాయి. అప్పుడు అత్తగారు గడువు పెట్టింది. ఆదివారానికల్లా పిల్లలన్నీ తమ కాళ్ళ మీద తాము నడిస్తే షెడ్డు చిన్నకోడలిది, లేకపోతే గొడౌనుది. నడవని పిల్లకు షెడ్డులో చోటు లేదన్నది ఆవిడ ఈ పని మొదలుపెట్టిన నాటి నుంచి ఎన్నడూ తప్పని మాట.

పిల్లలు పోతే పోయాయి, షెడ్డు పోతే పోయింది అని ఊరుకోవచ్చు కదా అని మీరు అడగచ్చు. చిన్నకోడలి భర్త బస్సు డ్రైవరు, వారానికోసారి ఇంటి ముఖం చూస్తాడు. వంటిల్లు పెద్దకోడలి రాజ్యం. ఈ ఇంట్లో కాలు పెట్టాక చిన్నకోడలి చేతికి వచ్చిన మొదటి సొంత పని ఆ బాతుపిల్లలే. ఆ పని కూడా చేజారితే మళ్ళీ వంటింటి గుమ్మంలో నిలబడి, "అక్కా, నేనేం చెయ్యను" అని అడుక్కునే బతుకే. 

పశువుల డాక్టరమ్మ వచ్చి చూసి, లోపం దాణాలో ఉందని తేల్చింది. ఈ పిల్లలు తిన్నది కోడిపిల్లల కోసం చేసిన దాణా. బాతుపిల్లకు నయాసిన్ అనే విటమిన్ కోడిపిల్లకన్నా చాలా ఎక్కువ కావాలి. అది చాలకపోతే ఒళ్ళు పెరుగుతుంది గానీ కాళ్ళు దాన్ని మోయలేవు. దాణాలో ఈస్టు పొడి కలపమంది. నున్నటి గచ్చు మీద కాళ్ళు జారి పక్కలకు పోతాయి కాబట్టి గోనెలు పరవమంది. గోరువెచ్చటి నీళ్ళలో ఈదిస్తే బరువు పడకుండా కాళ్ళకు బలం వస్తుందంది. స్కూటరు ఎక్కబోతూ మళ్ళీ వెనక్కి వచ్చి, మొక్కజొన్న మాత్రం పెట్టొద్దని మరీ మరీ చెప్పింది. అందులో ఉన్న విటమిన్ వాటి ఒంటికి పట్టదు, పైగా దాంతో కడుపు నిండితే మందు కలిపిన దాణా ముట్టవు.

చిన్నకోడలు ఒక్కటీ తప్పకుండా చేసింది. కాస్త గట్టిగా ఉన్న పిల్లలు తేరుకున్నాయి. బలం లేనివి మాత్రం, వాటితో పాటే అదే పళ్ళెంలో తింటూ కూడా, రోజురోజుకూ దిగజారాయి. ఎందుకో ఆమెకు అంతుపట్టలేదు. ఇదిగో, ఈ నీళ్ళ బేసిను చూసే దాకా.

బాతుపిల్లకు రహస్యం దాచడం చేతకాదు. ఏది తిన్నా గబగబా వెళ్ళి నీళ్ళలో ముక్కు ముంచి, కడుక్కుని, అప్పుడు మింగుతుంది. అది ఏం తిన్నదో తెలియాలంటే దాన్ని అడగక్కర్లేదు, దాని నీళ్ళ బేసినును అడిగితే చాలు. ఆ బేసిను అడుగున పచ్చగా మొక్కజొన్న నూక పేరుకుని ఉంది. చిన్నకోడలు ఏనాడూ పెట్టని నూక అది.

పెద్ద బాతుల కోసం ఆ నూక స్టోరుగదిలో ఉంటుంది. స్టోరుగది తాళంచెవి పెద్దకోడలి కొంగున ఉంటుంది. గొడౌను అడుగుతున్నది పెద్దకోడలి మొగుడు. మూడూ కలిపి చూసుకునేసరికి చిన్నకోడలికి ఒళ్ళు మండిపోయింది. ఉతకాల్సిన గోనెలను పెరట్లో బకెట్లోనే వదిలేసి, బేసిను పట్టుకుని నేరుగా హాల్లోకి నడిచింది.

పెద్దకోడలు ఇస్త్రీ చేస్తోంది. చిన్నకోడలు బేసినును ఇస్త్రీ బల్ల మీద, సరిగ్గా ఆమె ముక్కు కింద పెట్టింది.

"ఇదేంటక్కా?"

పెద్దకోడలు ఇస్త్రీ పెట్టె ఆపకుండానే తొంగిచూసింది. "నీళ్ళు."

"అడుగున?"

"మొక్కజొన్న నూక. నా కళ్ళు బాగానే ఉన్నాయి."

"నేను పెట్టలేదు. తాళంచెవి నీ దగ్గరుంటుంది."

ఇస్త్రీ పెట్టె ఆగింది. పెద్దకోడలు దాన్ని నిదానంగా నిలబెట్టి, చిన్నకోడలి వంక చూసింది. ఈ ఇంట్లో ఆమె నోటికి జడిసి పాలవాడు గేటు బయటే పాలు పోసి పోతాడు.

"అంటే మీ బావగారి గొడౌను కోసం నేను బాతుపిల్లల కాళ్ళు విరగ్గొడుతున్నానంటావ్."

"అలా అనలేదు."

"అనలేదు. బేసిను తెచ్చి బల్ల మీద పెట్టావ్. అనడం ఇంకెలా ఉంటుందో నాకు తెలీదు." ఆమె బేసినును చొక్కాల మీద ఒలక్కుండా పక్కకు జరిపింది. "చూడు చెల్లీ, నాకేదన్నా కావాలంటే నోరుంది, అడుగుతాను. ఆ గొడౌను నాకు అక్కర్లేదు. ఇప్పుడు కొట్టు దగ్గర అయ్యే గ్రీజు గొడవంతా ఇంటికొస్తే ఆ మరకలు ఉతికేది నువ్వు కాదు, నేను."

చిన్నకోడలి కోపం సగం అక్కడే దిగిపోయింది. మిగిలిన సగంతో ఏం చెయ్యాలో తెలియక, "మరి ఎవరు పెడుతున్నట్టు?" అంది.

"తాళంచెవి ఎవరి దగ్గరుందో అడిగావు. తాళం తియ్యమని రోజూ ఎవరు అడుగుతున్నారో అడగలేదు." పెద్దకోడలు మళ్ళీ ఇస్త్రీ పెట్టె అందుకుంది. "మామయ్యగారు. మధ్యాహ్నం నువ్వు గోనెలు ఉతకడానికి పెరట్లోకి పోగానే గుప్పెడు నూక కావాలంటారు. పిచ్చుకలకట."

"మన వరండాకి పిచ్చుకలు వస్తాయా?"

పెద్దకోడలు చొక్కా కాలరు మీద పెట్టె పెట్టబోయి ఆగింది. "నేనెప్పుడూ చూళ్ళేదు" అంది మెల్లగా.

అప్పుడే వరండాలోంచి ఈల వినిపించింది. ఒకప్పుడు మైదానం అవతలి కొసలో ఉన్న పిల్లల్ని కూడా గొలుసు వేసి లాగినట్టు లాక్కొచ్చిన ఈల అది. ఇప్పుడు గోడకు కూడా వినపడకూడదన్నంత నెమ్మదిగా, దొంగచాటుగా వచ్చింది. తోడికోడళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఆ దొంగ ఈల వేస్తే ఎవరైనా పట్టుకుంటారు.

వరండా తలుపు ఓరగా వేసి ఉంది. ఆ సందులోంచి చూశారు.

మాస్టారు నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. చేతికర్ర కుర్చీ చేతికి వేలాడుతోంది. ఒళ్ళో రేకు డబ్బా ఉంది. వరండా చివరనున్న షెడ్డు తలుపుకు తాడు కట్టి, కుర్చీలోంచి లేవకుండానే లాగే ఏర్పాటు చేసుకున్నారు. తలుపు తెరుచుకోగానే పిల్లలు కిచకిచమంటూ గోనెపట్టాల మీద నుంచి నున్నటి గచ్చు మీదికి దిగాయి. ముందున్నవి ఊగుతూ పరుగెత్తాయి. వెనకవి పాదాల మీద లేవలేక మడమల మీదే దేకుతూ, కాళ్ళు పక్కలకు జారి బోర్లా పడుతూ, మళ్ళీ లేస్తూ వచ్చాయి.

"లైన్లో రావాలి. తోసుకోకూడదు" అంటున్నారు మాస్టారు. "ఒరేయ్ పొట్టీ, నీ పక్కవాణ్ణి తొక్కకు."

ముందు వచ్చినవాటికి తలా ఒక చిటికెడు నూక వేశారు. అందరికన్నా వెనక, కాలి కీళ్ళు ఉబ్బి, కాళ్ళు విల్లులా వంగిన ఒక బక్కపిల్ల వస్తోంది. దాని కోసం ఆయన ఎంతసేపైనా ఆగేలా ఉన్నారు. అది వచ్చి ఆయన చెప్పు మీద గడ్డం ఆనించి పడిపోయింది.

"శభాష్ చివరోడా" అని, డబ్బాలో మిగిలిన నూకంతా దాని ముందు ఒలకబోశారు.

ఆ అలవాటు చిన్నకోడలు ఎరిగినదే. మాస్టారి పరుగు పందేల గురించి ఈ ఇంట్లో నవ్వుకోని రోజు లేదు. మొదట వచ్చినవాడికి బడివాళ్ళు కప్పు ఇచ్చేవారు. చివర వచ్చినవాడికి మాస్టారు సొంత డబ్బుతో బిస్కెట్ల పొట్లం ఇచ్చేవారు. గెలిచేవాడు ఎలాగూ గెలుస్తాడు, ఓడిపోతానని తెలిసి కూడా ఆగకుండా వచ్చినవాడిదే గొప్ప అని ఆయన లెక్క. ఆమె భర్త చిన్నప్పుడు ఆ బిస్కెట్ల మీదే పెరిగాడని పెద్దకోడలు ఇప్పటికీ ఏడిపిస్తుంది. ఆ లెక్కే ఇక్కడా నడుస్తోంది. గట్టి పిల్లకు చిటికెడు నూక, అది చాలక వెళ్ళి ఈస్టు కలిపిన దాణా తింటోంది, తేరుకుంటోంది. కుంటిపిల్లకు గుప్పెడు నూక. దాంతో కడుపు నిండి దాణా వంక చూడదు. ఎంత కుంటితే అంత నూక, ఎంత నూక తింటే అంత కుంటు. ఎవరూ పగబట్టి చెయ్యలేదు. ప్రేమతోనే జరుగుతోంది ఇదంతా.

ఆమె తలుపు తియ్యబోయింది. పెద్దకోడలు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"చెప్పకు."

"చెప్పకపోతే అది చచ్చిపోతుందక్కా."

"చెప్తే ఈయన ఏమవుతారో ఆలోచించావా? ఆస్పత్రి నుంచి వచ్చాక ఈ మనిషి గడ్డం గీసుకున్నాడా? ఉతికిన చొక్కా అడిగాడా? ఈ మధ్య మధ్యాహ్నమయ్యేసరికి ఇస్త్రీ చొక్కా కావాలంటున్నారు. ఎందుకో అనుకున్నాను. క్లాసుకని ఇప్పుడు తెలిసింది." పెద్దకోడలి గొంతు ఎప్పటిలా లేదు. "నూక అయిపోయిందని చెప్తాను. ఆ పాపం నా ఖాతాలో వేసుకుంటాను."

"నూక లేకపోతే అన్నం అడుగుతారు. అన్నం లేకపోతే రొట్టె తుంచి పెడతారు. పెట్టకుండా ఉండలేరు ఆయన."

 ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో చిన్నకోడలికి ఆ తలుపు వెనక బాగా తెలిసొచ్చింది. చెబితే మనిషి కుంగిపోతాడు, చెప్పకపోతే పిల్లలు పోతాయి. పెద్దాయన పడినప్పటి నుంచి ఈ ఇంట్లో ఏ మాట వచ్చినా "ఆయనకి చెప్పొద్దు" అనడం అందరికీ అలవాటైంది. కరెంటు పోయినా చెప్పరు, కొట్లో వ్యాపారం తగ్గినా చెప్పరు. అన్నీ దాచి దాచి, డ్రిల్లు మాస్టారిని పూలకుండీ చేసి కూర్చోబెట్టారు. ఆ ఆలోచన రాగానే ఆమె తలుపు తీసింది.

"మామయ్యా."

ఆయన తువ్వాలు తీసి డబ్బా మీద కప్పారు. "పిచ్చుకలమ్మా" అన్నారు. ఆయన చెప్పు మీద తల పెట్టుకున్న పిచ్చుక పెద్దగా ఒకసారి అరిచింది.

చిన్నకోడలు ఆయన కుర్చీ పక్కన గచ్చు మీద కూర్చుంది. చివరోడిని ఒళ్ళోకి తీసుకుని, ఉబ్బిన కాలి కీలు మీద వేలు పెట్టి చూపించింది. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పింది. మెత్తగా చెబుదామనుకుంది గానీ, ఈ మాటను మెత్తగా చెప్పే దారి ఆమెకు దొరకలేదు.

"మొక్కజొన్న వల్లే వీడు లేవడం లేదు మామయ్యా. దాంతో కడుపు నిండి మందు దాణా తినడం లేదు. ఈ నున్నటి గచ్చు మీద పరిగెత్తి కాళ్ళు ఇంకా పక్కలకి పోతున్నాయి."

మాస్టారు తువ్వాలు తీసి, ఖాళీ డబ్బాలోకి చూశారు.

"వీడికే ఎక్కువ పెట్టాను" అన్నారు.

"చూశాను."

"రోజూ." ఆయన డబ్బా అడుగు వేలితో తడిమారు. "నీ దాణా వాసన చూసి, పాపం తినలేకపోతున్నాడని..."

ఆ మాట పూర్తి కాలేదు. ఆయన మెడలోంచి విజిల్ తాడు తీసి చిన్నకోడలి చేతిలో పెట్టారు. "ఇక డ్రిల్లు లేదులే అమ్మా. పిల్లల్ని లోపలికి తోలెయ్" అని, ముఖం గోడ వైపు తిప్పుకున్నారు. చిన్నకోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దకోడలు చెప్పిందే నిజమైందనుకుంది. బాతుపిల్లల కాళ్ళు కాపాడబోయి ఈ పెద్దమనిషిని మళ్ళీ మంచానికి తోసేశాననుకుంది.

"ఆ విజిల్ దానికెందుకిస్తారు మామయ్యగారూ?" పెద్దకోడలు గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. కళ్ళు తడిగానే ఉన్నాయి గానీ నోరు మాత్రం తన పని తాను చేస్తోంది. "అది ఊదితే కుక్కర్ కూడా పలకదు. ఏదీ ఊదవే, చూద్దాం."

చిన్నకోడలు ఊదింది. ఈల రాలేదు, తుంపర వచ్చింది. ఒక్క బాతుపిల్ల కూడా తల తిప్పలేదు. అన్నీ మెడలు చాచి మాస్టారి వైపే చూస్తున్నాయి, ఆయన గోడ వైపు చూస్తున్నా కూడా. ఆమె ఇంకోసారి ఊదింది. పొట్టిగాడు అనే పిల్ల విసుగ్గా రెట్ట వేసి అవతలికి పోయింది.

మాస్టారి భుజాలు కొంచెం కదిలాయి. నవ్వో, మరొకటో తెలియలేదు.

"అలా కాదు. నాలుక అడ్డం పెట్టకూడదు" అన్నారు గోడతో.

ఆ ఒక్క మాట దొరికింది చిన్నకోడలికి. ఇక వదల్లేదు.

"మామయ్యా, తొట్టిలో ఈదించమంది డాక్టరమ్మ. రోజూ వదులుతున్నాను. ఒకదాన్నొకటి ఆనుకుని చెక్కముక్కల్లా తేలుతున్నాయి గానీ కాలు ఆడించడం లేదు. కాలు ఆడిస్తేనే బలం వచ్చేది. అవతలి వైపు నుంచి మీరు ఈల వేస్తే ఈదుకుంటూ వస్తాయి. డ్రిల్లు మానొద్దు. నీళ్ళలో పెడదాం."

"బహుమతి?" అన్నారు ఆయన. ఇంకా ఇటు తిరగలేదు.

"ఉడకబెట్టిన పచ్చి బఠాణీ. మెత్తగా నలిపి ఈస్టు పొడిలో దొర్లించి ఇస్తాను. మీ ఇష్టం వచ్చినట్టు పెట్టండి."

"చివరోడికి ఎక్కువ పెట్టచ్చా?"

"వాడికే ఎక్కువ పెట్టాలి. మందు ఎక్కువ కావాల్సింది వాడికే. మీ పద్ధతిలో తప్పు లేదు మామయ్యా, గుప్పిట్లో ఉన్నదే తప్పు."

మాస్టారు ఇటు తిరిగారు. ఆ ముఖంలో ఇందాకటి దిగులు అలాగే ఉంది, దాని పక్కనే ఇంకేదో కూడా వచ్చి కూర్చుంది. "అయితే ఆ తొట్టి ఇక్కడికి తెప్పించు" అన్నారు.

"సిమెంటు తొట్టి. పునాది తీసి కట్టించింది మీరే" అంది పెద్దకోడలు. "అది రాదు. మీరే పోవాలి."

"నేను నడవలేను కదమ్మా."

"సరే, వీణ్ణి కూడా వదిలేద్దాం మరి" అని పెద్దకోడలు చివరోడి వైపు చెయ్యి చూపించి, వంటింట్లోకి బఠాణీ ఉడకబెట్టడానికి వెళ్ళిపోయింది. ఆమె రాజ్యంలోంచి బాతుపిల్లల కోసం ఒక గిన్నె పొయ్యి మీదకు ఎక్కడం అదే మొదలు.

ఆ తర్వాత జరిగింది చూడాల్సిందే గానీ చెప్పడం కష్టం. ఇద్దరు కోడళ్ళ భుజాల మీద చెరో చెయ్యి వేసి, కర్ర కుర్చీకే వదిలేసి, మాస్టారు మెట్లు దిగారు. ప్రతి మెట్టు మీదా ఆగి, కోడళ్ళిద్దరినీ తిట్టారు. వాళ్ళను కన్నవాళ్ళను కూడా తిట్టారు. పెద్దకోడలు ఊరుకోకుండా, "ఊపిరి దాచుకోండి, ఈల వెయ్యాలి" అంది. పెరట్లో కుళాయి పక్కన బట్టలుతికే తొట్టి దగ్గరికి చేరేసరికి ముగ్గురికీ చెమటలు పట్టాయి. ఆయన తొట్టి గట్టు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు. చిన్నకోడలు గోరువెచ్చటి నీళ్ళు నింపి, అవతలి కొసలో పిల్లల్ని వదిలింది. విజిల్ తాడు మళ్ళీ ఆయన మెడలో వేసింది.

ఈల మోగింది. దొంగచాటు ఈల కాదు, వీధి చివర కుక్క కూడా లేచి చూసే ఈల. నీళ్ళలో చెక్కముక్కలకు ప్రాణం వచ్చింది. పొట్టిగాడు ముందు, మిగిలినవి వెనక, కాళ్ళు టపటపా కొడుతూ వచ్చాయి. మాస్టారు వంగి ఒక్కొక్కదానికి బఠాణీ అందించారు. చివరోడు మాత్రం ఒక కాలే ఆడిస్తూ ఉన్నచోటే బొంగరంలా తిరిగాడు. మాస్టారు మళ్ళీ ఈల వేశారు. "రెండోది కూడా. రెండోది కూడా కదపరా" అంటూ గట్టు మీద చేత్తో కొట్టారు. చివరోడు ఇంకో చుట్టు తిరిగాడు. ఆ చుట్టు మధ్యలో, వంకర కాలు నీళ్ళ కింద ఒకసారి తన్నింది. మళ్ళీ తన్నింది. వాడు వంకరటింకరగా, గోడకు గుద్దుకుంటూ, వచ్చేశాడు. ఈస్టు దొర్లించిన బఠాణీ ముందు ఉమ్మేశాడు, తర్వాత వెతుక్కుని మింగాడు. దాని తర్వాత ఇంకొకటి, ఇంకొకటి మింగాడు.

చిన్నకోడలు నోరు మూసుకుని ఏడ్చింది. సంతోషంగా ఉన్నప్పుడు కూడా ఏడుపొస్తుందని ఆమెకు తెలుసు గానీ, ఒక బాతుపిల్ల బఠాణీ తింటే వస్తుందని తెలీదు. ఆదివారం మీద ఆశ మొదటిసారి నిలబడింది.

తడిసిన పిల్లల్ని తుడిచి ఎండలో గోనెపట్టా మీద వదిలారు. గట్టివి రెక్కలు విదిల్చుకుంటూ తిరుగుతున్నాయి. చివరోడు అలసిపోయి మధ్యలో కూలబడ్డాడు. సరిగ్గా అప్పుడు పక్క గేటు తీసుకుని అత్తగారు లోపలికి వచ్చింది. ఆవిడ వెనకే ఒక మేస్త్రీ, చేతిలో కొలతల టేపుతో వచ్చాడు.

ఆవిడ చూపు ముందు మొగుడి మీద పడింది. చేతిలో సంచీ జారి కింద పడింది. ఆయన ఆస్పత్రి నుంచి వచ్చాక నిలబడి ఉండగా ఆవిడ చూడడం అదే మొదటిసారి. ఒక్క క్షణం ఆవిడ ముఖం చిన్నపిల్ల ముఖంలా అయిపోయింది. పరాయి మనిషి పక్కనున్నాడని గుర్తొచ్చి మళ్ళీ బిగుసుకుంది.

"ఎవరు లేపారు ఈయన్ని? పడితే ఈసారి మోసేదెవరు?"

 ఆవిడ సంచీ తీసుకుని, గోనెపట్టా మీదున్న చివరోడిని చూసింది.

"దీని కోసం ఆదివారం దాకా ఎందుకు? చూస్తేనే తెలుస్తోంది. మేస్త్రీకి ఇవాళే కుదిరిందని పెద్దాడు ఫోన్ చేశాడు. షెడ్డు కొలుచుకోవయ్యా."

"అత్తయ్యా, ఆదివారం అన్నారు" అంది చిన్నకోడలు.  "తప్పెక్కడుందో ఇవాళే దొరికింది. వీడు కాలు ఆడించాడు. మామయ్య చూశారు, అక్క చూసింది."

"నీ మీద కోపం కాదమ్మా." అత్తగారు తొట్టి గట్టు మీద బిగుసుకున్న మొగుడి వేళ్ళ వంక చూస్తూ అంది. "నాకు ఓపిక లేదు. తెల్లారి లేచి ఈయన్ని కూర్చోబెట్టాలి, పడుకోబెట్టాలి. నువ్వు కొత్తదానివి, రేపు ఏ పిల్ల పడినా మళ్ళీ నా దగ్గరికే వస్తుంది. నేను ఒకళ్ళని మొయ్యగలను. ఇద్దర్ని మొయ్యలేను."

షెడ్డు మీద ఆవిడకు పగ ఉందనుకున్న చిన్నకోడలికి అప్పుడు అర్థమైంది. ఆవిడ షెడ్డును వదులుకుంటున్నది గొడౌను కోసం కాదు, కుర్చీలో కూర్చున్న ఈ మనిషి కోసం. ఆ సంగతి ఆ మనిషికి కూడా అప్పుడే అర్థమైనట్టుంది. ఆయన గట్టు మీద కాస్త నిటారుగా నిలబడ్డారు.

"మేస్త్రీ, ఒక్క నిమిషం ఆగవయ్యా" అన్నారు. మేస్త్రీ చిన్నప్పుడు ఆయన దగ్గర డ్రిల్లు చేసినవాడే. సగం లాగిన టేపుతో అలాగే ఆగిపోయాడు.

"ఆదివారం ఇంకా రాలేదు" అన్నారు మాస్టారు భార్యతో. "చివరోడి పందెం ఆదివారం. ఇవాళ్టి పందెం నాది. ఇక్కణ్ణుంచి ఆ గోనె దాకా. నువ్వు మొయ్యాల్సినవాళ్ళలో ఒకడు తగ్గితే షెడ్డు ఉంటుందా?"

అత్తగారు చేతిలో సంచీ కింద పెట్టింది. 

కోడళ్ళిద్దరూ రెండు వైపుల నుంచి ముందుకు వచ్చారు. ఆయన అరచెయ్యి ఎత్తి, మైదానంలో పిల్లల్ని ఆపినట్టు ఆపారు. కర్ర వరండాలో కుర్చీకి వేలాడుతోంది. గోనెపట్టా మీద చివరోడు మెడ ఎత్తి ఇటే చూస్తున్నాడు. మాస్టారు మెడలోంచి విజిల్ తీసి, కాపురానికి వచ్చిన నాటి నుంచి ఏనాడూ దాన్ని ముట్టని భార్య చేతిలో పెట్టారు.

"ఊదు" అన్నారు. "నాలుక అడ్డం పెట్టకు."

ఆవిడ విజిల్ నోటి దగ్గర పెట్టుకుంది. ఆయన తొట్టి గట్టు మీద నుంచి ఒక చెయ్యి తీశారు. తర్వాత రెండోది కూడా తీశారు.